ఉగాల్దాన్‌లో పూలు

మొన్న మధ్యాహ్నం అన్నం తిని అలా నడుం వాల్చానో లేదో ఫోను మోగింది. మెదక్ నుంచి. మెదక్ అనగానే అందరికీ పెద్ద చర్చి ఒక్కటే గుర్తొస్తుంది గాని, దాని చుట్టూ పేటల్లో చిన్న చిన్న ప్రార్థన మందిరాలు ఎన్నో ఉన్నాయి. మా అత్తగారి పేటలో, దవాఖాన వెనక సందులో, పెంకుల కప్పుతో అలాంటిదొకటి ఉంది. మేమంతా దాన్ని గుడి అనే అంటాం. ఆ గుడికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు చేశాడు ఫోను. కుర్రవాడు, మర్యాదస్తుడు. "వందనాలమ్మా, జర ఒక డౌటుండె, టైమున్నదా?" అన్నాడు. నాకు టైము తప్ప ఇంకేముంది? చెప్పమన్నాను. గుడిలో ప్రభువు బల్ల మీద రెండు ఇత్తడి పూలకూజాలున్నాయి కదా, వాటికి మెరుగు పెట్టిస్తున్నారట. ఒకటి సన్నగా పొడుగ్గా మామూలుగానే ఉందట. రెండోది మాత్రం పొట్టిగా, నడుం దగ్గర నొక్కినట్టు, మూతి పళ్లెంలా విచ్చుకుని ఎక్కడా చూడనంత అందంగా ఉందట. "మా కమిటీల పెద్దమనిషి అది ఇంగ్లండ్ నుంచి దొరలు తెచ్చిందంటుండు. కింద చిన్న పలక పెట్టి చెక్కిస్తమమ్మా. కానీ లోపట అడుగున ఎర్ర మరక ఒకటున్నది. ఎంత రుద్దినా పోతలేదు. ఏం పెట్టి రుద్దాలె?" అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. దగ్గుతున్నానని అబద్ధమాడి ఫోను పక్కకు పెట్టాను. ఆ కూజా ఇంగ్లండ్ చూసింది లేదు, దొరను చూసింది లేదు. అది ఉగాల్దాన్. పాన్ నమిలేవాళ్లు మంచం పక్కన పెట్టుకుని ఉమ్మే పాత్ర, తమ్మపడిగ అంటారే, అది. అరవై ఏళ్లు దాటింది అది ప్రభువు బల్ల మీదికెక్కి, ఇప్పటివరకు ఏ పాస్టరుకూ ఆ సంగతి తెలియదు. చెప్పేద్దామని నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, "రేపు చెయ్యి నాయనా, గుర్తు చేసుకుని చెప్తా" అన్నాను. గుర్తు చేసుకోవలసిన పనేమీ లేదు. ఫోను పెట్టేసిన దగ్గర్నుంచి నాకు కాలు నిలవలేదు. కూర్చుంటే లేవాలని, లేస్తే వరండాలోకి పోవాలని, పోతే మళ్లీ లోపలికి రావాలని. మా చిన్నది "ఏమైందమ్మా, గట్ల తిరుగుతున్నవ్?" అని రెండుసార్లు అడిగింది. ఇలా తిరగడం నాకు మా అత్తమ్మ నుంచి వచ్చిన ఆస్తి. ఆమె నుంచి నాకు వచ్చినవి అదీ, గుల్దస్తా కట్టడమూ.

పదహారో ఏట శంకరంపేట నుంచి మెదక్‌కు కోడలిగా వచ్చాను. మా ఆయన దవాఖానలో కంపౌండరు. అత్తమ్మ అదే దవాఖానలో కాన్పుల వార్డులో ఆయాగా చేసి మానుకున్నది. మామగారు అప్పటికే లేరు. అత్తమ్మ గుడికి చేసే సేవ ఒక్కటే, ప్రతి ఆదివారం బల్ల మీదికి రెండు గుల్దస్తాలు. పూలగుత్తి అనేది కాదు, గుల్దస్తా అనే అనేది, అప్పట్లో మాటలన్నీ అలాగే ఉండేవి. పూలు కొనేది కాదు. కొన్న పూలు కానుక ఎట్లయితయ్ అనేది. మా ఇంటి వెనక నాలుగు మడులు, బావి పక్కన ఇంకో రెండు. వానకాలంలో సీతజడలు, బంతి, చెలకల్లో దొరికే తంగేడు, గునుగు. చలి మొదలవగానే చామంతి, క్రిస్మస్ దాకా అదే రాజ్యం. ఈస్టరుకు తెల్లవే కావాలి, అందుకని నందివర్ధనం, నేలసంపెంగ. ఎండలు ముదిరి మడులు మాడిపోతే వేపపూత కొమ్మలు, కోత పండుగకు జొన్న కంకులు, వరి వెన్నులు. మా పుట్టింట్లో పూలంటే జడలోకీ, సమాధుల మీదికీ తప్ప తెలియదు నాకు. గునుగు పువ్వును బల్ల మీద పెట్టడమేమిటి, అది గడ్డి కదా అంటే, "గడ్డిని చేసింది గూడ ఆయనే గద పిల్లా" అని నా నోరు మూయించింది.

ఆమె పద్ధతులు ఆమెకుండేవి. శుక్రవారం పొద్దుగూకే వేళ కోయాలి. కోసిన పూలను చీకటి అరలో, బిందె నీళ్లలో మెడ దాకా ముంచి నిద్రపుచ్చాలి. పూలు నీళ్లు తాగి నిద్రపోతే మూడు రోజులైనా తల వాల్చవట. శనివారం పొద్దున వరండాలో కూర్చుని కట్టేది. కట్టేది అంటున్నాను గాని నిజానికి ఆమె కూర్చుని కట్టింది నేను చూడలేదు. ఒక కొమ్మ గుచ్చి లేచి దూరం నుంచి చూసేది, వచ్చి ఇంకోటి గుచ్చి మళ్లీ లేచేది. అన్నిటికంటే వింత, గుల్దస్తాకు వెనక వైపు కూడా అంతే శ్రద్ధగా పూలు పెట్టేది. గుడిలో మందికి కనబడేది ముందు భాగమే, వెనకవైపు గోడ తప్ప చూసేవాళ్లు లేరు. ఎందుకత్తమ్మా అంటే, "ముందటియి మనకు, ఎనకటియి దేవునికి. ఆయన దిక్కు బోడిగ పెడ్తమా?" అనేది. మిగిలిన పనుల్లో ఆమె అంత ఓపికస్తురాలు కాదు. కూర మాడ్చేది, పాలు పొంగబెట్టేది, కోడళ్ల మీద, అంటే నా మీద, నోరు పారేసుకునేది.

మా మడుల్లో గులాబీ లేదు. ఎన్నిసార్లు నాటినా మా మట్టి దానికి పడలేదు. గులాబీలు గోడవతల ఉండేవి. గోడవతల ఇల్లు ఖాలమ్మది. మా పేటంతా ఆమెను బూబమ్మ అనేది, మేము మాత్రం ఖాలమ్మ, అంటే పిన్నమ్మ, అనేవాళ్లం. భర్త కచేరీలో పేష్కారుగా చేసి పోయాడు. ఒక్కడే కొడుకు. పరదా మనిషి, కాలు బయటపెట్టేది కాదు. కొడుకును కనడానికి మాత్రం దవాఖానకు వచ్చింది. పెద్ద కష్టమైన కాన్పట అది, ఆ పిల్లవాణ్ణి మొదట చేతుల్లోకి తీసుకున్నది మా అత్తమ్మే. అప్పటి నుంచి ఇద్దరికీ స్నేహం. స్నేహమంతా గోడ మీదనే. గోడకు ఒకచోట పై వరస రాళ్లు పడిపోయి చదునుగా ఉండేది. శుక్రవారం సాయంత్రం మా అత్తమ్మ నిచ్చెనెక్కి ఖాళీ బుట్ట అక్కడ పెట్టేది. ఖాలమ్మ అవతల నీళ్ల హౌజు గట్టెక్కి దాన్ని తీసుకుని, దేశీ గులాబీలు నింపి పెట్టేది. వక్కలు కత్తిరించే అడకత్తెరతోనే గులాబీ కాడలను ఏటవాలుగా కోసి, చేతికి తగలకుండా ముళ్లన్నీ గీకి మరీ పంపేది. బదులుగా గురువారం మా చామంతులు, సంపెంగలు అటు పోయేవి, శుక్రవారం దర్గా చాదరు మీదికి. ఒక దేవుని పూలు ఇంకో దేవునికి పోతున్నాయని ఎవరికీ పట్టలేదు. గోడకు అటొకరు ఇటొకరు నిలబడి, మొహాలు చూసుకోకుండా గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్లు. అత్తమ్మ ఏదైనా ఒకచోట కదలకుండా నిలబడిందంటే అది ఆ గోడ దగ్గరే.

నేను కాపురానికొచ్చిన ఏడాదే రజాకార్ల గొడవ ముదిరింది. చీకటి పడితే సందులో అడుగుల చప్పుడుకు దీపాలార్పుకునేవాళ్లం. పాపన్నపేట వైపు ఊళ్లు కాల్చారని, అల్లాదుర్గ్ దారిలో బండ్లు దోచుకున్నారని, సర్కారు మీద తిరగబడ్డ సంఘంవాళ్లు పోలీసు ఠాణా మీద పడ్డారని, రోజుకొక మాట. ఏది నిజమో, ఏది అబద్ధమో తెలియక ప్రాణం కొట్టుకునేది. ఖాలమ్మ కొడుకు కూడా రజాకార్లలో చేరి ఖాకీ తొడిగాడు. మీసాలు సరిగా రాని కుర్రాడు, భుజాన బందూకు, నడకలో కొత్త విసురు. ఒక రోజు దవాఖానకు కాలికి దెబ్బ తగిలిన మనిషొకడు వచ్చాడు. మా ఆయన కట్టు కట్టి పంపాడు. కట్టు కట్టడం ఆయన పని. ఆ మనిషి సంఘంవాడని ఎవరో కబురు మోసినట్టున్నారు. శనివారం పగటిపూట ఖాలమ్మ కొడుకు మరో నలుగురితో మా ఇంట్లోకి వచ్చాడు. వరండాలో అత్తమ్మ గుడి కూజాలు రెండూ తోమి ఎండకు పెట్టింది. మా ఆయనను చొక్కా పట్టుకుని బయటికి లాగి, "వాడేడికి పోయిండో చెప్పు" అని చెంప మీద కొట్టాడు. ఎడమ చెవి మీద పడ్డది దెబ్బ. పోతూ పోతూ అడ్డమొచ్చిన కూజాను బూటుతో తొక్కి మడులన్నీ తొక్కుకుంటూ పోయారు. నా మొగుడి ఎడమ చెవి మళ్లీ వినలేదు. తర్వాత ఆయన బతికినన్నాళ్లు నా మాటలు సగం ఆ చెవి వల్ల వినబడలేదు, మిగతా సగం కుడి చెవితో విని విననట్టు నటించాడు. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గాని, ఆ రోజు నా కళ్లముందు పాతికేళ్లు నిండని మనిషి చెవిలోంచి నెత్తురు కారుతుంటే నాకు ఆ ఇంటి పునాదులు కూడా తవ్వేయాలనిపించింది.

అత్తమ్మ ఏడవలేదు. గోడ దగ్గరికి పోయి, అటు వినబడేట్టు, "నా చేతులల్ల పుట్టినోడు నా కొడుకు మీద చెయ్యెత్తిండు" అన్నది. అవతల ఖాలమ్మ ఉందని మాకు తెలుసు, ఆమె గాజులు చప్పుడయ్యాయి. అత్తమ్మ నిచ్చెనెక్కి బుట్ట తీసుకుని దిగింది. ఆ తర్వాతి వారాల్లో గులాబీల్లేవు, ఒక కూజా సొట్టపడి చిరిగి పనికిరాకుండా పోయింది, బల్ల మీద ఒంటి గుల్దస్తా. దాన్ని మధ్యలో పెడితే ప్రభువు బల్లకు అడ్డం, పక్కన పెడితే బల్ల ఒరిగినట్టు. ఆ వంకతో ఆరాధన అంతసేపూ అత్తమ్మ కూర్చున్నచోట మెసులుతూనే ఉండేది.

తర్వాత యూనియన్ మిలిట్రీ వచ్చిన వారం. పొద్దున్నే విమానాల మోత. జహీరాబాద్ దిక్కు నుంచి లారీలు వస్తున్నాయని, పట్నం రేపో మాపో లొంగిపోతుందని చెప్పుకునేవాళ్లు. మా ఆయన దవాఖానలోనే ఉండిపోయాడు. అంగళ్లు మూతపడ్డాయి. ఖాకీ వేసినవాళ్లు ఎక్కడివాళ్లక్కడ మాయమయ్యారు, ఖాలమ్మ కొడుకూ పోయాడు. ఆ మర్నాడు పొద్దున గోడ మీద బుట్ట కనబడింది. మా బుట్ట కాదు, ఖాలమ్మదే ఒక వెదురు బుట్ట. నిండా గులాబీలు, కాడలు ఏటవాలుగా కోసి, ముళ్లు గీకి. నేను నిచ్చెన వైపు పోబోతే అత్తమ్మ కసిరింది. "ముట్టకు. నాకద్దు ఆమె పూలు." ఎండకు అవి అక్కడే వాలిపోయాయి. మర్నాడు వాలిన పూలు లేవు, కొత్తవి ఉన్నాయి. ఆ మర్నాడూ అంతే. కాకపోతే బుట్ట సగమే నిండింది. రోజురోజుకూ పూలు తగ్గుతూ మొగ్గలొచ్చాయి, మొగ్గలు తగ్గుతూ ఆకులొచ్చాయి. అత్తమ్మ ముట్టదు, కాని పొద్దున లేవగానే ముందు చూసేది గోడ వైపే. చూసి, "సిగ్గు లేదు" అని గొణుక్కుని పొయ్యి ముట్టించేది. శుక్రవారం నాడు బుట్టలో ఉన్నవి పచ్చి ఆకులు, నాలుగు పిందె మొగ్గలు. ఆ సాయంత్రమే పట్నం లొంగిపోయిందని తెలిసి సందులో జనం అరుపులు.

శనివారం పొద్దున గోడ మీద బుట్ట లేదు.

అత్తమ్మ చూసింది. చూసి, వరండాలో బిందెలోని పూలు బయట పెట్టుకుని కూర్చుంది. గునుగులు సర్దింది. లేచింది. గోడ దాకా పోయింది. వచ్చి తంగేడు కొమ్మ చేతిలోకి తీసుకుని, ఆకులన్నీ దూసి పారేసింది, తర్వాత అదే కొమ్మ ఎందుకు దూశానా అని చూసింది. మళ్లీ గోడ. "రాకపోతే రాకపాయె, పీడ పాయె" అన్నది. రెండు పేటలవతల ఒక రజాకారు ఇల్లు పడగొట్టారని వార్త వచ్చింది. మాదాకా రావడానికెంతసేపు? అవతలింట్లో కుక్క లేదు, పొగ లేదు, చేద చప్పుడు లేదు. అత్తమ్మ ఒక్కసారి చేతిలోవి కింద పడేసి, "ఈమె సచ్చిపోయినట్టుంది పిల్లా, నిచ్చెన పట్టు" అన్నది.

అరవై దగ్గరి మనిషి, ముందు ఆమె ఎక్కింది, వెనక నేను. ఇద్దరం గోడ మీద కూర్చుని నిచ్చెనను పైకి లాక్కుని అటు దించాం. అవతల తోట చూసి నేను నిచ్చెన మీదే ఆగాను. గులాబీ చెట్లన్నీ బోడి పుల్లలు. ఒక్క పువ్వు లేదు, మొగ్గ లేదు, ఆకు కూడా అక్కడక్కడా. లోపల మంచం మీద ఖాలమ్మ పడుకుని ఉంది, పెదవులు ఎండిపోయి, కళ్లు గుంటలు పడి. పక్కనే ఆకువక్కల పాన్‌దాన్, ఉగాల్దాన్. ఇంట్లో పిండి లేదు, బియ్యం లేదు. కొడుకు పోయిన రోజు నుంచి ఉన్నవి తిని, తర్వాత వక్కలు నమిలి నీళ్లు తాగుతూ ఉంది. తలుపు తీసి ఎవరినీ పిలవలేదు. మమ్మల్ని చూసి లేవబోయి లేవలేక, "పూలు అయిపోయినయి బహెన్" అన్నది.

"నీ పూలు ఎవ్వరిక్కావాలె! సచ్చినవనుకున్న!" అని అత్తమ్మ అరిచి, మంచం పక్కన కూలబడి భోరుమని ఏడ్చింది. కొడుకు చెవి పోయిననాడు ఏడవని మనిషి. "ఒక్క కేకెయ్యొచ్చు గద. గోడవతలే ఉంటి గద నేను."

"ఏం మొఖం పెట్టుకొని బువ్వ అడగాలె నిన్ను?" అన్నది ఖాలమ్మ. "ఇయ్యనీకైతే మొఖం అవసరం లేదు. అందుకే పూలు పెట్టిన. నీ కొడుకు చెవి..."

"చెవి సంగతి తర్వాత కొట్లాడుదాం. ముందుగాల లే."

ఆమె వినలేదు. కొడుకు వస్తే ఇల్లు తాళమేసి ఉంటే ఎట్లా అన్నది. బుర్ఖా లేకుండా గోడెక్కనన్నది. బుర్ఖా తొడిగాం. అప్పుడు పాన్‌దాన్, ఉగాల్దాన్ లేకుండా రానన్నది. ఇంట్లో వెండి పళ్లేలున్నాయి, నగిషీ పెట్టె ఉంది, అవేమీ అడగలేదు. ప్రాణం మీదికొచ్చినా అలవాటు అలవాటే. ఉగాల్దాన్ నా చేతికిచ్చింది, నేను దాన్ని ముక్కుకు దూరంగా పట్టుకున్నాను. నీళ్లు పట్టించి, ఒకరం పైనుంచి లాగి ఒకరం కిందనుంచి తోసి, ముగ్గురం గోడెక్కేసరికి అటు సందు మొదట్లో అరుపులు మొదలయ్యాయి. నిచ్చెన పైకి లాగేదాకా నల్లని బుర్ఖాలో ఖాలమ్మ గోడ మీద కూర్చుంది. మా పెరట్లోకి తొంగిచూసి, "గీ కోడిపుంజేనా రోజు అరిసేది? ఇన్నేండ్లు గొంతే విన్న" అన్నది. నాకు అంత భయంలోనూ నవ్వొచ్చింది, అత్తమ్మ మాత్రం నోర్ముయ్యమని ఇద్దర్నీ తిట్టింది.

లోపలి అరలో, పూలను నిద్రపుచ్చే చీకటి అరలోనే, ఆమెను కూర్చోబెట్టి గంజి పట్టించాం. అవతల తలుపు విరుగుతున్న చప్పుడు గోడల్లోంచి వినబడింది. ఒక్కొక్క దెబ్బకూ ఖాలమ్మ కళ్లు మూసుకునేది. కాసేపటికి మా గుమ్మం ముందు అడుగులు. వచ్చింది బయటివాళ్లు కాదు. ముందున్నాయన మా గుడిలో పాట ఎత్తే మేస్త్రి. తాపీ పని, మంచి గొంతు, మంచివాడు. పాపన్నపేటలో వాళ్ల బావ ఇల్లు రజాకార్లు కాల్చారు, ఆ మంట ఆయన కళ్లలో ఇంకా ఆరలేదు. వెనక ఏడెనిమిది మంది కట్టెలతో.

అప్పుడు చూశాను. ఉగాల్దాన్ వరండాలోనే ఉంది. కంగారులో నేనే బిందె పక్కన పెట్టేశాను. మా ఇళ్లలో పాన్ నమిలేవాళ్లు లేరు, ఆ పాత్ర అక్కడుందంటే లోపలెవరున్నారో వేరే చెప్పనక్కర్లేదు. నేను తలుపుకు అడ్డం నిలబడి చేట పట్టుకుని బియ్యం చెరగసాగాను, చేటలో బియ్యం లేవని తర్వాత చూసుకున్నాను. అత్తమ్మ మాత్రం తల ఎత్తలేదు. చెంబుతో నీళ్లు దాంట్లో పోసింది. గునుగులు ఒక గుప్పెడు గుచ్చింది. మధ్యలో సీతజడలు, చుట్టూ తంగేడు కొమ్మలు మూతి అంచు దాటి కిందికి వాలేట్టు. జీవితంలో మొదటిసారి లేవకుండా, దూరం నుంచి చూడకుండా, ఒకే ఊపున గుల్దస్తా కట్టింది.

"అత్తా, బూబమ్మ ఏడికి పోయిందో ఎర్కనా?" అన్నాడు మేస్త్రి.

"నాకేమెర్క? మాకు మాటల్లేకనే ఎన్ని రోజులాయె. పేటకంత తెలుసు."

"గోడ మీద నాచు గీరుకపోయి ఉన్నది."

"నిచ్చెనేసిన గద, గీరుకపోదా?"

ఆయన కదలలేదు. చూపు గుల్దస్తా మీద నిలిచింది. "గిదేం కూజా? ఎన్నడు చూడలే."

"గుడిది," అన్నది అత్తమ్మ. "వాడు తొక్కి ఒకటి పాడు చేసె గద. దానికి జత. రేపు బల్ల మీద పెడ్త, మంచిగ చూద్దువు."

మేస్త్రి వంగి పూలను దగ్గరగా చూశాడు. ఆయన లేచి, "పదండ్రి, ఈడ లేదు" అని వాళ్లను తీసుకుని పోయాడు.

వాళ్లు సందు మలుపు తిరిగాక అత్తమ్మ లేచి, దూరం నుంచి గుల్దస్తాను చూసింది. నేను పూలు తీసేయబోతే చెయ్యి పట్టుకుంది. "తియ్యకు. గుడిదని నోటితోని చెప్పిన. గుడి పేరు తీసి అబద్ధమాడతనా? ఇంక ఇది గుడిదే." లోపల్నుంచి ఖాలమ్మ వింటూనే ఉంది. "తౌబా తౌబా! బహెన్, దాంట్ల నేను ఉమ్మిన! నీ దేవుడు నన్ను ఊకుంటడా?" అని చెంపలేసుకుంది. "కడుగుత" అన్నది అత్తమ్మ. కడిగింది. చింతపండు పెట్టి తోమింది, బూడిద పెట్టి తోమింది, ఇటుక పొడి పెట్టి తోమింది. బయటంతా బంగారంలా మెరిసింది గాని అడుగున కాసంత ఎరుపు పోలేదు. ఆ సాయంత్రం దాకా అది తోముతూ, లేస్తూ, గుమ్మంలోకి పోయి సందు చూస్తూ, మళ్లీ వచ్చి తోముతూ ఉంది. ఖాలమ్మకు ఉమ్మడానికి ఒక మందుల డబ్బా ఇచ్చాం. అది ఆమెకు అస్సలు నచ్చలేదు.

ఆదివారం గుడి నిండిపోయింది. బతికి ఉన్నందుకు స్తుతి చేయడానికి ఎన్నడూ రానివాళ్లు కూడా వచ్చారు. బల్లకు ఎడమవైపు పొడుగు కూజా, కుడివైపు ఉగాల్దాన్, రెండింటి నిండా పూలు. చాలా వారాల తర్వాత బల్ల సమంగా నిలిచింది. నాకు ప్రసంగం ఒక్క మాట చెవికెక్కలేదు. మేస్త్రి పాట ఎత్తుతూ కూజా వైపే చూస్తున్నాడు. ఆరాధన అయ్యాక అందరూ బయటికి పోతుంటే ఆయన మా దగ్గరికి వచ్చాడు. అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పూలు మస్తుగున్నయి అత్తా," అన్నాడు మెల్లగా. "నీళ్లు మాత్రం జర మార్చుతుండు. జర్దా వాసన పోలే. నిన్ననే వచ్చింది నాకు."

మళ్లీ ఆయనే అన్నాడు, "మా బావ ఇల్లు కాలవెట్టింది ఆమె గాదు గద." అని తల గుడ్డ చుట్టుకుంటూ వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత ఖాలమ్మ ఇంటి విరిగిన తలుపుకు పలకలు కొట్టింది ఆయనే.

ఖాలమ్మ మా ఇంట్లో చామంతులు మొగ్గ తొడిగేదాకా ఉంది. చెవి సంగతి ఇద్దరూ నిజంగానే కొట్లాడారు, ఒక రోజంతా. అరుచుకుని, ఏడ్చి, మాటలు మానేసి, మళ్లీ పొద్దుగూకేసరికి ఒకే కంచం దగ్గర కూర్చున్నారు. మా ఆయన మాత్రం ఆ గది గుమ్మం దగ్గర ఆగేవాడు కాదు, చాలారోజులు. నేనూ ఆమె ముందు పూర్తిగా మనసు విప్పలేకపోయాను. ఆమె మీద కోపం లేదు, కాని ఆ చెవి వైపు నిలబడి పిలిచి, ఆయన తిరగకపోతే, నా కడుపు మండేది. ఖాలమ్మ కొడుకు సంగతి తెలియలేదు. సందులో ఏ అడుగు వినబడినా ఆమె లేచి కూర్చునేది, తర్వాత మెల్లగా పడుకునేది. చివరికి పట్నం నుంచి ఆమె తమ్ముడు వచ్చి బండి కట్టించాడు. పోయే రోజు అత్తమ్మ ఉగాల్దాన్‌ను తోమి, గుడ్డలో చుట్టి చేతికివ్వబోయింది. మాటిచ్చింది దేవునికే అయినా వస్తువు ఆమెది కదా. ఖాలమ్మ గుడ్డ విప్పి చూసి, తిరిగి చుట్టి అత్తమ్మ ఒళ్లో పెట్టింది. "మీ దేవుని ముందట పూలు పెట్టినంక, మళ్ల దాంట్ల నేనెట్ల ఉమ్మేది?" అన్నది.

బోడి పుల్లలనుకున్న గులాబీ చెట్లు, అంతగా కోసినందుకే కాబోలు, ఆ చలికాలం ఎప్పుడూ లేనంత విరగబూశాయి. చూడడానికి ఆమె లేదు. ఇల్లు ఎవరో కొనుక్కునేదాకా అత్తమ్మ గోడెక్కి అటు దిగి కోసుకొచ్చేది. ఎంత చెప్పినా ముళ్లు గీకేది కాదు, గులాబీ ముళ్లు ఒలవడం తన పని కాదనేది. చేతులు గీరుకుని నెత్తురొస్తే నీళ్లలో ముంచి మళ్లీ కట్టేది. ఆమె తర్వాత గుల్దస్తా నేను కట్టాను, మోకాళ్లు పనిచేసినన్నాళ్లు. వెనక వైపు కూడా.

పాస్టరుగారు అన్నట్టే మర్నాడు ఫోను చేశాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. అంతా విని, "అయితే పలక మీద ఆమె పేరే పెడ్తమమ్మా. పేరేంది?" అన్నాడు. నేను చెప్పబోయి ఆగిపోయాను. ఖాలమ్మ. అంతే. పేటకు బూబమ్మ, అత్తమ్మకు బహెన్. ఆ గోడ మీద అన్నేళ్లు మాట్లాడిన మనిషి, మా చీకటి అరలో అన్నాళ్లున్న మనిషి, ఆమె పేరు ఏమిటని ఇంట్లో ఎవరం ఎప్పుడూ అనుకోలేదు. తెలిసినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. "పక్కింటామె ఇచ్చిందని రాయించు" అన్నాను. "మరి మరక?" అన్నాడు. ఉండనియ్యి నాయనా, మా అత్తమ్మ బతికినన్నాళ్లు తోమింది, నేను తోమాను, పోలేదు, ఇక దాని మీద నీళ్లు పోసి పూలు పెట్టుకోండి అన్నాను. కాలం అన్నీ కడిగేస్తుందంటారు, ఆమె పేరును మాత్రం కడిగేసి, ఆమె ఉమ్మిన ఎరుపును నాకు ఉంచింది.